బాల్టీ లెక్క

నదికి వరద ఎప్పుడొస్తుందో ముందుగా లెక్కగట్టడం మా ఆఫీసు పని. అక్కదీ నాదీ ఒకే గది. అక్క లెక్క ఒక్క ముక్కలో తేలిపోయేది: కొండవాలు నేల ఒక బాల్టీ. నిండేదాకా వానని తాగుతుంది, నిండాక పడిందంతా నదిలోకి పొర్లుతుంది. ఆఫీసు మాత్రం కంప్యూటర్లో నడిచే పెద్ద మోడల్‌ని నమ్ముకుంది. అది ప్రతి చెట్టు వేరునీ, ప్రతి రాతి పగులునీ పలకరించిగాని నోరు విప్పదు. దానికి మతి ఎక్కువ, గతి తక్కువ అనేవాణ్ణి నేను.

ఆ రోజు తెల్లవారినా వాన ఆగలేదు. బాల్టీ నిండిందనీ, చీకటి పడకముందే దిగువ వీధులు మునుగుతాయనీ అక్క పొద్దున్నే తేల్చేసింది. బావ పని అక్కడే, ఒడ్డున మురుగునీరు తోడే పంపుహౌసులో.

"హెచ్చరిక పంపండి సార్," అంది అక్క.

"పెద్దది నడుస్తోంది కదమ్మా. తేలనీ," అన్నాడు అధికారి.

"అది తేలేలోపు ఊరు మునుగుతుంది సార్," అన్నాను. నవ్వించడానికి అనలేదు.

"రెండు లెక్కలు రెండు మాటలు చెబితే జనం మనల్ని నమ్మరయ్యా."

మా ఆఫీసులో ఒక కట్టుబాటు ఉంది. ఊరికి చెప్పని కబురు ఇంటికి చెప్పకూడదు. వెనకటి వరదలో ఉద్యోగుల ఇళ్లే ముందు ఖాళీ అయ్యాయని, ఆ కట్టుబాటు పెట్టించింది అక్కే. అక్క ఫోన్ ముట్టుకోలేదు. నేను వరండాలోకెళ్లి బావకి చేశాను.

"మీ అక్క చెప్పమందా?"

"లేదు బావా. నువ్వొచ్చెయ్."

"వీధిలో అందరికీ చెప్పారా?"

"ఇంకా లేదు బావా. ఆర్డర్ రాలేదు."

"అయితే ఎలా వస్తానోయ్ బామ్మర్దీ? పంపులాపితే మురుగంతా వాళ్ల ఇళ్లలోకే. ఆర్డర్ రానీ, అందరం కలిసే వస్తాం."

పెద్ద మోడల్ సాయంత్రానికి నోరు విప్పింది. దాని జవాబుకీ బాల్టీ జవాబుకీ బెత్తెడే తేడా. అప్పటికి పంపుహౌసు కప్పొక్కటే కనిపిస్తోంది.

కర్మకాండలయ్యాక అధికారి అక్క ఇంటికొచ్చాడు. "మోడల్‌ని ఇంకా సూక్ష్మంగా చేస్తున్నామమ్మా. పంపుహౌసు గోడలు కూడా అందులోకి ఎక్కిస్తున్నాం," అన్నాడు.

"ఆ గోడలిప్పుడు లేవు సార్," అంది అక్క.

ఆయన లేవబోయాడు.

"రేపట్నుంచి ఆఫీసుకొస్తాను. ముందు నా లెక్కతో హెచ్చరిక వెళ్లాలి. మీ పెద్దది తీరిగ్గా దిద్దుకోవచ్చు."

అధికారి తలూపాడు. వరద రోజు పొద్దున అక్క అడిగింది ఆ ఊపే.