చేయవలసినవారు

"మీరు లేకపోయినా నడవాలి కదా మేడం, అందుకే అంతా రాసిపెట్టండి" అన్నాడు హెడ్మాస్టరు. ఇంటికొచ్చి గిన్నెలు తోముతున్నా ఆమెను ఆ మాట వదల్లేదు. లేకపోవడానికి తానెక్కడికి పోతోంది? పైగా ఆ 'మేడం'లో తేనె మరీ ఎక్కువైంది.

నాలుగేళ్లుగా ప్రతి శనివారం ఎనిమిదో తరగతి పిల్లల్ని కంటి ఆసుపత్రికి తీసుకెళ్లి, కళ్లకు కట్లున్న రోగులకు వాళ్లచేత పేపరు చదివిస్తోంది. క్లాసులో నోరు విప్పని పిల్ల, ఓ ముసలాయన "ఇంకోసారి చదువు తల్లీ" అనేసరికి గొంతెత్తి చదివింది. అది చాలు ఆమెకు. అప్పట్లో స్టాఫ్‌రూమంతా "పనీపాటా లేక" అని నవ్వింది. ఇప్పుడెవరో పై ఆఫీసరు భేష్ అన్నాడట, దాన్ని బడిలో శాశ్వతం చేస్తారట, ప్రణాళిక కావాలట. ఉన్నట్టుండి పుట్టుకొచ్చే ప్రేమను ఆమె నమ్మదు. అత్తగారు "మా కోడలు బంగారం" అన్నప్పుడల్లా వెనకాలే పదిమంది చుట్టాలు దిగేవారు.

"సంతోషించక అనుమానమేంటి? నీ బుద్ధే అంత" అన్నాడు భర్త, తిన్న కంచం వదిలేసి లేస్తూ. ఆ కంచం దానంతటదే సింకులోకి నడిచిపోతుందని పదహారేళ్లుగా అతని నమ్మకం.

మర్నాడు హెడ్మాస్టరు బల్లమీద ముసాయిదా కనిపించింది. సమన్వయకర్త: లెక్కల మాస్టారు. సహకారం: ఆమె.

"బయటివాళ్లతో మాట్లాడాలి కదా, మగవాళ్లయితే బాగుంటుందని... పనంతా ఎలాగూ మీ చేతిమీదేగా" అన్నాడాయన. 'సహకారం' అన్న మాటను ఆమె మరోసారి చదివింది.

"అలాగేనండీ, రాసిస్తాను" అంది.

రాసింది. శుక్రవారం ముప్పై రెండు ఇళ్లకు ఫోన్లు. అనుమతి కాగితం పంపనివాళ్లకు మళ్లీ ఫోన్లు. వార్డు సిస్టరును బతిమాలడం. మందుల వాసనకు కళ్లు తిరిగే పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టి గాలి విసరడం. సోమవారం, పిల్లలు తాము చూసింది రాసుకొస్తే దిద్దడం. ఆరు పేజీలైంది. 'చేయవలసినవారు' అన్న గడిలో ప్రతి పనికీ ఎదురుగా లెక్కల మాస్టారని రాసింది.

మీటింగులో హెడ్మాస్టరు మూడో పేజీ దగ్గరే ఆగిపోయాడు. "ఇదేంటి మేడం! ఇంత పని ఎప్పుడు పెట్టారు?"

"మొదట్నుంచీ ఉందండీ. నేను లేకపోయినా నడవాలన్నారుగా."

లెక్కల మాస్టారు కాగితాలన్నీ తిరగేసి పక్కకు జరిపాడు. "సార్, ఆ పేరేదో మేడందే పెట్టండి."

"పెట్టండి" అంది ఆమె. "పనులు మాత్రం ముగ్గురం పంచుకుందాం. శుక్రవారం ఫోన్లు మీవి సార్" అని హెడ్మాస్టరు వైపు తిరిగింది.

హెడ్మాస్టరు ముసాయిదా ముందుకు లాక్కున్నాడు. దిద్దడానికి, అలవాటుగా ఆమె పెన్ను కోసం చెయ్యి చాపాడు.

ఆమె ఇవ్వలేదు.