గంగమ్మ గంప దగ్గర ఆగిన పాట

చేప ఎండకు ఓర్చుకోదు, కొనేవాడు ఆలస్యానికి ఓర్చుకోడు. ఆ లెక్క తెలిసిన గంగాభవాని జువ్వలదిన్నె రేవులో తాను నడిపే చేపల వేలాన్ని ఈ ఏడు ఫోనుల్లోకి ఎక్కించింది. ప్రోగ్రాం రాసింది పక్కూరి మెర్లిన్. ఒక గంప అమ్ముడవగానే సూళ్లూరుపేట, చెన్నై బేరగాళ్లకు తెర మీద తర్వాతి గంప కనబడుతుంది.

ఈ రోజు ఆదెయ్య కొత్త పడవకు తొలివేట. అతని చేప ఫోనులో అమ్ముడవకపోతే, నమ్మకం పోయి రేవు రేవంతా మళ్లీ పాత దళారి మునెయ్య చేతికి పోతుంది. మునెయ్య లారీకి ఆనుకుని అందుకే కాచుకున్నాడు.

మొదటి గంపలు మంచి ధరకే పోయాయి. కొత్త పడవ వేటలో ఒక గంప గంగమ్మ తల్లి ముందు పెట్టి, టెంకాయ కొట్టేదాకా వేలంపాట ఆపడం రేవు కట్టుబాటు. మెర్లిన్ ఆపింది. కాయ కొట్టారు. తిరిగి మొదలుపెడితే తెర మీద ‘వేలం ముగిసింది’ అని పడింది.

“ఏందమ్మే, ఫోనుకు పూనకమొచ్చిందా?” అన్నాడు మునెయ్య. “ఆదెయ్యా, గంపలు ఇట్టా తే!”

“అక్కా, ఐసు కరిగిపోతా ఉండాది,” అన్నాడు ఆదెయ్య.

“ఒక్క గంప కదిలిందంటే నా మీద ఒట్టే.” గంగాభవాని సూళ్లూరుపేట బేరగాడు జకరయ్యకు ఫోను కొట్టింది. “వేలం ముగియలేదన్నా, ఫోను చేతిలోనే ఉంచుకో. మిగతావాళ్లకూ చెప్పు.” మెర్లిన్ వైపు తిరిగింది. “ఏమైంది?”

“ఆపడానికి, గంపల్ని ఒకటెనకొకటి తిప్పే లూపులోంచి బయటికొచ్చేలా రాసినానక్కా. మధ్యలో వచ్చేస్తే, గంపలందించే కోడు ఇంక అక్కర్లేదనుకుని మూసేసుకునింది. మళ్లీ పిలిస్తే అయిపోయిందంటాంది. పరీక్షించినప్పుడు ఎప్పుడూ మధ్యలో ఆపలా, అందుకే తెలియలా. ఇకమీదట కాయ చివర్లో కొట్టుకోకూడదా?”

“తల్లి గంపను జరిపితే పడవలోళ్లు నన్ను జరుపుతారు. నీ కోడునే మార్చు.”

మెర్లిన్ లాప్‌టాప్ మీద వంగింది. బయటికి రాకుండా, లూపు లోపలే నిలబడి కాచుకునేలా రాసింది. మిగిలిన గంపలతో పాట మళ్లీ మొదలైంది. చందువ చేపల గంప పోగానే గంగాభవాని ఇంకో కాయ తెప్పించింది.

“ఆపు.”

“మళ్లీనా అక్కా? ఇప్పుడేగా గట్టెక్కినాం!”

“నలుగురూ చూస్తా ఉండంగానే తేలాల. ఆపు.”

కాయ పగిలింది. మెర్లిన్ మీట నొక్కింది. తెర మీద వంజరం గంప వచ్చింది, దాని వెనకే జకరయ్య పాట.

లారీ దగ్గర్నుంచి మునెయ్య చెయ్యెత్తి ఇంకాస్త ఎక్కువ ధర అరిచాడు.

“చెయ్యెత్తితే కుదరదన్నా,” అంది గంగాభవాని తల తిప్పకుండానే. “ఫోనులో పాడు.”