కారం పూసిన కమ్మీలు

పోగు తెగిన ప్రతిసారీ శంకరప్ప కుందేళ్ళ బోనును తన్నేవాడు.

ధర్మవరంలో వాళ్ళది ఒకే గది ఇల్లు. మూడు వంతులు మగ్గానిదే. మిగిలిన మూలలో పొయ్యి, మంచం, మంచం కింద బోను. చిలకను పెట్టుకోవాల్సిన బోనులో రెండు కుందేళ్ళు. కూతురు హరిత కదిరి సంతలో పట్టుబట్టి కొనిపించుకుంది. ఒళ్ళు తిప్పుకోవడానికి చోటు లేదు. ఇంకేం చేస్తాయి? తెల్లవారింది మొదలు ఇనప కమ్మీలు కొరికేవి. కరకర, కరకర. ఇనుము కొరికే చప్పుడు విన్న పోగు నిలవదని శంకరప్ప తండ్రి చెప్పేవాడట. తండ్రి చెప్పాడు కాబట్టి అదే వేదం. నాసి పట్టు అంటగట్టిన షావుకారును అడిగే దమ్ము లేదు. మంచం కిందున్నదాన్ని తన్నే దమ్ము మాత్రం ఉంది.

"తంతే ఇంకా కొరుకుతాయి నాయనా," అంది హరిత. "వాటి పళ్ళు పెరుగుతానే ఉంటాయి. కొరకనీకి ఇంత కట్టె ఎయ్యల్ల. తిరగనీకి ఇంత జాగా ఇయ్యల్ల."

"నాకే జాగా ల్యాకుంటే కుందేలుకు జాగానా? ఇడిస్తే పట్టంతా కొరికి పెడ్తాయి. నోరు మూసుకో."

ఆ ఆదివారం హరిత మేనమామ సురేష్ వచ్చాడు. హిందూపురం మిరపకాయల యార్డులో మూటలు మోస్తాడు. సంచిలో యార్డు నేల మీద ఊడ్చిన కారప్పొడి తెచ్చాడు. అక్కడ ఎలుకలు మూటలు కొరకకుండా అదే చల్లుతారు.

"ఆముదంలో కలిపి కమ్మీలకు పూయి బావా. ఒక్కసారి నాకితే జన్మలో కొరకవు. మా యార్డు కారం ముందర ఎద్దు గూడా నిలబడదు."

"నీ నోటికన్నా ఘాటేమబ్బా?" అని శంకరప్ప నవ్వాడు.

యార్డులో ఎలుకకు ఘాటు తగిలితే వేరే దిక్కు పారిపోతుంది. బోనులో ఉన్నదానికి వేరే దిక్కు లేదు. ఇంత చిన్న తేడా ఆ ఇద్దరు మగాళ్ళ బుర్రలకూ ఎక్కలేదు.

హరిత బోనుకు అడ్డం నిలబడింది. శంకరప్ప చెంప మీద కొట్టిన దెబ్బకు పోయి మగ్గం గుంజకు తగిలింది. పెదవి చీలింది. తల్లి అనసూయమ్మ తెగిన పోగులకు బూడిద అద్ది, వేళ్ళతో మెలిపెట్టి అతుకుతోంది. తల ఎత్తలేదు.

కమ్మీలకు కారం పూశారు. మగ కుందేలు కొరికింది. మూతి మంటెక్కి ముందు కాళ్ళతో రుద్దుకుంది. కారం కళ్ళలోకి పోయింది. అప్పుడు అరిచింది. కుందేలు అరుస్తుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. పసిబిడ్డ గొంతు. అరుస్తూ కమ్మీల మీదికి ఎగిరింది, పడింది, మళ్ళీ ఎగిరింది. వెనక కాళ్ళతో ఎంత బలంగా తన్నిందంటే దాని నడుం అదే విరగ్గొట్టుకుంది. ముందు సగం పాకుతోంది, వెనక సగం చచ్చిపోయింది.

శంకరప్ప దాన్ని చెవులు పట్టి బయటికి లాగి, గడపకేసి తల కొట్టాడు.

"కూరకు ఆయె. మసాలా గూడా పూసే ఉండాది బావా!" అని పళ్ళికిలించాడు సురేష్.

హరిత ఏడవలేదు. తడిగుడ్డ తెచ్చి కమ్మీలు తుడిచింది. ఒక మూల ముడుచుకున్న ఆడ కుందేలు కాసేపటికి కదిలింది. తుడిచిన కమ్మీ మీద మళ్ళీ పళ్ళు పెట్టింది. కరకర.

"దీనికి కారం చాలదు. పళ్ళే పీకేద్దాం," అని సురేష్ కటింగ్ ప్లేయర్ అందుకున్నాడు. శంకరప్ప కుందేలును మోకాళ్ళ మధ్య నొక్కి నోరు తెరిచాడు.

హరిత కత్తెర తీసుకుని మగ్గం దగ్గర నిలబడింది. మగ్గం మీద సగం నేసిన పెళ్ళి చీర.

"ఇడుచు నాయనా. ల్యాకుంటే కోసేస్తా."

"కోస్తాదంటప్పా! కూడు పెట్టే పట్టును కోసే పాప ఈ ఇంట్లో పుట్టలేదు. నువ్వు కానియ్ రా సురేషా."

సురేష్ నొక్కాడు. పన్ను చిగురు దాకా చీలింది. తెల్లటి గడ్డం ఎర్రబడింది.

హరిత కోసింది. బిగదీసిన పోగులు కత్తెర తగిలిన చోటల్లా పట్‌మని తెగి వెనక్కి ఎగిరాయి. సగం చీర వేలాడింది.

శంకరప్ప కుందేలును వదిలేసి కూతురి మీద పడ్డాడు. పిడికిలితో మొహం మీద గుద్దాడు. కింద పడేసి గొంతు పట్టుకున్నాడు. హరిత కాళ్ళు నేలకేసి కొట్టుకున్నాయి.

అనసూయమ్మ లేచింది. మూలనున్న రోకలి రెండు చేతులతో ఎత్తి మొగుడి భుజం మీద వేసింది. ఎముక విరిగిన చప్పుడు. అయినా వదలలేదు. మళ్ళీ వేసింది. చెయ్యి వేలాడిపోయింది.

"అక్కా! పిచ్చి పట్టిందా?" అని సురేష్ ముందుకొచ్చాడు. ప్లేయర్ పట్టుకున్న చేతి మణికట్టు మీద మూడో దెబ్బ పడింది.

"నువ్వు తెచ్చిన కారం నువ్వే మోసుకోని పోరా," అంది అనసూయమ్మ.

తల్లీకూతుళ్ళు సంచిలో కుందేలును పెట్టుకుని పెనుకొండ బస్సు ఎక్కారు. అక్కడ హరిత అవ్వ వెంకటసుబ్బమ్మ ఇల్లు, చుట్టూ రాతి గోడ ఉన్న పెరడు. కుందేలును పెరట్లో వదిలారు. అది పరిగెత్తలేదు. తినలేదు. నోరు వాచిపోయింది. పశువుల డాక్టరు చూసి, రెండు రోజులు మేత దిగకపోతే బతకదన్నాడు.

చేతికి కట్టు కట్టుకుని శంకరప్ప వచ్చాడు. వాకిట్లోనే నిలబడ్డాడు.

"పోగులన్నీ అతికితే చీర దక్కుతాది. అంత పని నీకు తప్ప ఎవరికీ చేత కాదు. రా పోదాం. పాపను గూడా రానీ. కుందేలు మాత్రం వద్దు."

"పట్టు తెగితే బూడిదద్ది అతుకుతా," అంది అనసూయమ్మ. "నా బిడ్డ గొంతు మీద నీ యేళ్ళ గుర్తులుండాయే, వాటిని దేంతో తుడ్సల్ల?"

అతను బాగున్న చెయ్యి ఎత్తాడు.

"కొట్టు అల్లుడా," అంది వెంకటసుబ్బమ్మ లోపల్నుంచి. "అదొకటే మిగిలుండాది గదా. దాన్నీ ఇరగ్గొట్టుకోని పో."

చెయ్యి దిగింది. అతను బస్టాండు వైపు పోయాడు. అనసూయమ్మ తలుపు గడియ పెట్టింది.

పెరట్లో హరిత పాలకూర మెత్తగా నూరి వేలి కొసతో కుందేలు నోటికి అందించింది. అది నొప్పికి ఒళ్ళంతా వణికింది. మొహం తిప్పుకుంది. హరిత వేలు తీయలేదు. కుందేలు మెల్లగా నాకింది, మింగింది. మళ్ళీ నోరు తెరిచింది.