ఊ కొట్టని లైను

మా వదిన పోయాక కూడా ఆఫీసుకు వస్తూనే ఉంది. ఈ మాట మా ఆసుపత్రిలో ఎవరికీ చెప్పలేదు. చెబితే పై అంతస్తులో మతి చెదిరినవాళ్ళను చూసే డాక్టరు దగ్గరికి పంపిస్తారు, అదీ సిబ్బందికిచ్చే రాయితీ మీద.

వదిన అంటే మా ఆయనకు అక్క. పెళ్ళి చేసుకోలేదు. తల్లి పోయేనాటికి మా ఆయన ఇంకా పలకా బలపం వయసులోనే ఉన్నారట. ఎత్తుకుని, తినిపించి, కథలు చెప్పి నిద్రపుచ్చి మనిషిని చేసింది ఆవిడే. నాకు ఈ ఉద్యోగం చూసిపెట్టిందీ ఆవిడే. వదినా మరదళ్ళు ఒక ఇంట్లో ఇమడడమే గొప్ప అంటారు. మేము ఒక గదిలో, పక్కపక్క బల్లల దగ్గర, ఏళ్ళ తరబడి ఇమిడాం. తిట్టుకోకుండా అని మాత్రం అనను.

ఆసుపత్రికి సరుకిచ్చేవాళ్ళందరికీ డబ్బు పంపడం మా పని. దూది, సూదులు, ఆక్సిజన్, దుప్పట్లు ఉతికే ఆయన, లిఫ్టు బాగుచేసే ఆయన. వారం వారం వాళ్ళ బిల్లులన్నీ కలిపి కంప్యూటరులో ఒక ఫైలు తయారు చేస్తాం. మనిషికో లైను. పేరు, ఖాతా నంబరు, పంపాల్సిన మొత్తం. ఆ ఫైలు బ్యాంకుకు ఎక్కిస్తే అక్కడి మిషను లైను లైనుకూ డబ్బు పంచేస్తుంది. అది పేరు చూడదు, అంకెలు చూస్తుంది. ఒక అంకె అటూ ఇటూ అయిందా, దుప్పట్లాయన కష్టం ముక్కూ మొహం తెలియని ఎవరి ఖాతాలోనో పడుతుంది. వెనక్కి రప్పించడానికి కాళ్ళరిగేలా తిరగాలి.

అందుకని వదిన ఒక పద్ధతి పెట్టింది. ఎక్కించే ముందు ఫైలు నేను పైకి చదవాలి. ఆవిడ అసలు కాగితాలు ముందు పెట్టుకుని వింటుంది. సరిగ్గా ఉంటే “ఊ” అంటుంది. తప్పుంటే తప్పని చెప్పదు, ఊ కొట్టడం మానేస్తుంది. ఎక్కడ తప్పో నేనే వెతుక్కోవాలి.

“నోరు తెరిచి చెబితే ముత్యాలు రాలతాయా వదినా?” అనేదాన్ని.

“చెబితే నా కళ్ళతో చూస్తావు. చెప్పకపోతే నీ కళ్ళతో చూస్తావు. చదువు,” అనేది.

ఆ ఊ కూడా మామూలు ఊ కాదు. చివర కాస్త పైకి లేచేది, తర్వాతేమైందని అడుగుతున్నట్టు. దూది కొట్టువాడి ఖాతా నంబరులో తర్వాతేమవుతుంది, నా తలకాయ. అయినా ఆ ఊ వింటుంటే చదవబుద్ధేసేది.

ఇంకో నియమం కూడా ఉండేది. ఫైలులోకి కొత్త మనిషి ఎవరొచ్చినా సరే, ఫోను చేసి, నంబరు చదివి, అవునని వాళ్ళ నోటితో వినాలి. అంతవరకూ ఆ లైనుకు ఊ లేదు. “కాగితం ఎవరైనా రాస్తారమ్మాయ్. మనిషి పలకాలి,” అనేది. ఒకసారి మేనేజరు బావమరిది కొట్టుకు కూడా నాతో ఫోను చేయించింది. మేనేజరు వారం రోజులు మొహం మాడ్చుకుని తిరిగాడు.

జబ్బు సంగతి ఆవిడ ముందు నాకే చెప్పింది. తమ్ముడికి చెప్పొద్దని చేతిలో చెయ్యి వేయించుకుంది. వాడు ఏడిస్తే చూడలేనంది. కడుపులో దాచుకున్నాను. చివరికి మా ఆయనకు వేరేవాళ్ళ ద్వారా తెలిసింది. నీకు చెప్పింది, నాకు చెప్పలేదు అని ఆవిడ మీదా నా మీదా కలిపి అలిగారు. రేపు వెళ్తాను, ఎల్లుండి వెళ్తాను అంటూ ఆవిణ్ణి చూడడానికి వెళ్ళలేదు. ఆ అలక తీరకముందే ఆవిడ వెళ్ళిపోయింది.

అప్పటినుంచి మా ఇంట్లో మాటలు లేవు. మా ఆయన కళ్ళద్దాల కొట్లో అద్దాలు అరగదీస్తారు. ఇంటికొచ్చాక గోడకేసి కూర్చుంటారు. ఏం అడిగినా ఊ అనరు, ఆఁ అనరు. తిట్టినా బాగుండు. నాకు ఒంటరితనమంటే ఏమిటో మనిషి ఎదురుగా ఉండగానే తెలిసింది.

వదిన స్థానంలో వచ్చినాయనకు నేను తథాస్తు అని పేరు పెట్టుకున్నాను. ఆయన మా గదిలో కూర్చోడు. పై అంతస్తు నుంచే తెర మీద ఫైలు చూసి అప్రూవ్ నొక్కేస్తాడు. ఏమడిగినా “కానిచ్చేయండి” అంటాడు. రేపు నేను నా పేరే ఎక్కించినా కానిచ్చేయమంటాడు.

మొదటి వారం అలవాటు కొద్దీ పైకి చదవడం మొదలుపెట్టాను. కిటికీ అవతల అంబులెన్సులు వచ్చే ఏటవాలు దారి, పట్టపగటి ఎండ. నా ఎడమ పక్క వదిన కుర్చీ, ఒక చక్రం పోయి కాస్త ఒరిగి, ఆవిడ దిండు అలాగే ఉంది. దూది కొట్టు లైను చదివాను.

“ఊ,” అని వినిపించింది.

ఏసీ అనుకున్నాను. తర్వాతి లైను చదివాను. మళ్ళీ అదే ఊ, చివర పైకి లేచి. నా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. లేచి తలుపు బార్లా తెరిచాను. వరండాలో తుడిచే ఆవిడ తప్ప ఎవరూ లేరు. ఆవిడ నన్ను చూసి ఏం కావాలని అడిగింది. ఏం లేదన్నాను. తిరిగొచ్చి మిగతా లైన్లన్నీ చదివాను. అన్నిటికీ ఊ పలికింది.

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. మా వదిన మీద ఉంది. అందుకే ఆ తర్వాతి వారం కట్లగుడ్డలవాళ్ళ లైను దగ్గర గది నిశ్శబ్దమైపోతే, నేను పరుగెత్తలేదు, కాగితం తీసి చూశాను. రెండు అంకెలు తారుమారయ్యాయి. దిద్ది చదివాను. “ఊ.” అప్పుడు నాకు భయం పోయింది, ఏడుపొచ్చింది.

ఇంటి సంగతులు కూడా చెప్పి చూశాను. “వదినా, మీ తమ్ముడు సరిగ్గా తినడం లేదు. నాతో మాట్లాడడం లేదు. ఏం చెయ్యమంటారు?” కుర్చీ పలకలేదు. నంబరు చదివితే మాత్రం వెంటనే ఊ. చచ్చినా సరే పని వేళ ఇంటి కబుర్లు చెప్పే మనిషి కాదు మా వదిన.

అలా ఎండలు తగ్గి చలి మొదలైంది. ఇంట్లో పలకని మనిషితో, ఆఫీసులో కనపడని మనిషితో నాకు రోజులు గడిచాయి. ఫైలు చదివే రోజు వస్తే నేను జడ గట్టిగా వేసుకుని మరీ వెళ్ళేదాన్ని. గదిలోకి వచ్చేవాళ్ళు ఇక్కడెందుకింత చల్లగా ఉందని చేతులు రుద్దుకునేవాళ్ళు. నేను స్వెట్టరు వేసుకుని కూర్చునేదాన్ని.

అప్పుడు వదిన లెక్క నా ఫైలులోకి వచ్చింది. జీతాల పట్టీ నుంచి ఆవిడ పేరు తీసేశారు కాబట్టి, ఆవిడకు రావాల్సినదంతా బయటివాళ్ళ చెల్లింపులతో కలిపి నేనే పంపాలి. తన తర్వాత ఎవరికి అన్న చోట తమ్ముడి పేరు రాసింది ఆవిడ. మా ఆయనకు చెబితే “నాకొద్దు” అన్నారు. నెలల తర్వాత నాతో ఆ ఒక్క మాటా అని మళ్ళీ గోడకేసి తిరిగారు.

వదిన డబ్బు పంపడానికి గడువు ముగిసే రోజు వచ్చింది. ఆ రోజు ఫైలులో పోకపోతే ఆ డబ్బు హక్కుదారు లేని సొమ్ము అనే పద్దులోకి మారుతుంది. వదిన పేరుకు ఎదురుగా “ఎవరూ లేరు” అని నేనే టైపు చెయ్యాలి. ఒక పిల్లాణ్ణి ఒంటిచేత్తో పెంచిన మనిషికి ఎవరూ లేరని రాయడమా? నాకు ఒళ్ళు మండింది. మా ఆయన ఖాతా నంబరు నాకు నిద్రలో లేపినా వస్తుంది. ఎవరినీ అడగకుండా చివరి లైనుగా చేర్చేశాను. డబ్బు పడ్డాక ఆయన ఫోనుకు కబురొస్తుంది, అరుస్తారు. అరవనీ, ఆ వంకనైనా ఇంట్లో మనిషి గొంతు వినిపిస్తుంది.

మధ్యాహ్నం చదవడం మొదలుపెట్టాను. దూదికి ఊ. సూదులకు ఊ. దుప్పట్లాయనకు ఊ. చివరి లైను చదివాను.

గది పలకలేదు.

నంబరు చూశాను. సరిగ్గానే ఉంది. మళ్ళీ చదివాను, ఒక్కొక్క అంకె కింద గోరు పెట్టి. ఏసీ చప్పుడు కూడా ఆగిపోయినట్టుంది. బ్యాంకు శాఖ చూశాను, మొత్తం మళ్ళీ లెక్కేశాను, పేరులో అక్షరాలు చూశాను. ఎక్కడా తప్పు లేదు. తప్పు దొరకాలని అంతగా ఎప్పుడూ కోరుకోలేదు. తప్పుంటే వదిన ఉన్నట్టు. తప్పు లేకుండానే ఊ ఆగిందంటే, ఆవిడ కూడా మా ఆయనలాగే నాతో పలకడం మానేసినట్టు, లేదా ఇక లేనట్టు.

తథాస్తు ఫోను చేశాడు. “ఏమ్మా, ఫైలు రాలేదే. బ్యాంకువాళ్ళు మూసేస్తారు. ఏదైనా లైను తేలకపోతే దాన్ని తీసేసి మిగతాది కానిచ్చేయండి.”

“తీసేది లేదు,” అన్నాను. ఆయన కంగుతిన్నట్టున్నాడు, పెట్టేశాడు.

కుర్చీకేసి తిరిగాను. “మీ తమ్ముడి నంబరు వదినా. కొత్తవాళ్ళదా ఇది? నా మొగుడి నంబరు నాకు తెలియదా?” అని గట్టిగానే అన్నాను. అన్నాక నా మాట నాకే వినిపించింది. కొత్తవాళ్ళదే. ఈ ఫైలులో మా ఆయన ఎప్పుడూ లేరు. కాగితం నేను రాశాను. మనిషి పలకలేదు.

ఫోను తీసి కుడి చెవికి పెట్టుకున్నాను. కొట్లో అద్దాలు అరగదీసే మిషను హోరు వినిపించింది.

“ఏమండీ, నేను. ఒక నంబరు చదువుతాను. మీదో కాదో చెప్పండి.”

“ఏం నంబరు?”

“మీ అక్క డబ్బు పంపాలి.”

“వద్దన్నాను కదా.” మిషను ఆపలేదు.

“ఇవాళ పోకపోతే మీ అక్కకు ఎవరూ లేరని రాసెయ్యాలి. నా చేత్తో నేనే రాయాలి. రాసెయ్యమంటారా?”

మిషను ఆగింది. అవతల ఎవరో కొట్లోకి వచ్చి ఏదో అడిగారు.

“నాకు చెప్పలేదు. నీకు చెప్పింది,” అన్నారు చివరికి.

“మీరు ఏడిస్తే చూడలేనంది. నేనేం చెయ్యను?”

“నేను అలిగి ఆగిపోలేదే. వెళ్దామనే అనుకున్నాను. రేపు వెళ్దామనుకున్నాను.” ఆ మాట అన్నాళ్ళూ ఆయన గోడకు చెప్పుకుంటున్నారని నాకప్పుడు తెలిసింది. నాకు ఆయన మీద కోపమంతా అక్కడే కరిగిపోయింది.

“చదవనా?” అన్నాను.

“చిన్నప్పుడు కథ చెబుతూ మధ్యలో ఆపేసేది,” అన్నారాయన. “నేను ఊ కొడితే గానీ ముందుకు చెప్పేది కాదు. నిద్రపోయాననుకునేది.”

నేను మొదటి నాలుగు అంకెలు చదివాను.

“ఊ,” అన్నారు.

చివర పైకి లేచింది, తర్వాతేమైందని అడుగుతున్నట్టు. ఇన్నేళ్ళ కాపురంలో నేను పట్టించుకోలేదు. ఆ ఊ వదినది కాదు, ఈయనది. ఆవిడ కథలు చెబితే ఊ కొట్టింది ఈయన. విని విని ఆవిడకు అంటుకుంది.

తర్వాతి నాలుగు చదివాను. ఫోనులో “ఊ” అని వినిపించింది. ఒక్క క్షణం వెనకగా నా ఎడమ చెవి దగ్గర ఇంకో “ఊ” వినిపించింది.

అటు తిరిగి చూసే ధైర్యం లేకపోయింది.

“నీ పక్కన ఎవరు?” అన్నారు మా ఆయన.

నేను ఫోను ఇంకా గట్టిగా చెవికి నొక్కుకున్నాను.

“ఎవరు? ఎవరది?” ఆయన ఊపిరి గబగబా వినిపిస్తోంది. తర్వాత చిన్న గొంతుతో, నేనెప్పుడూ వినని గొంతుతో, “చదువు. ఆపొద్దు, చదువు,” అన్నారు.

మిగిలినవి ఒక్కొక్కటే చదివాను. అంకెకు రెండు ఊలు, ఒకటి కుడి చెవిలో, ఒకటి ఎడమ చెవిలో. నెమ్మదిగా చదివాను, ఎంత నెమ్మదిగా చదివినా అంకెలు అయిపోతాయి కదా. చివరిది ఒక్కటి మిగిలింది. అది చదివితే ఏమవుతుందో నాకు తెలుసు. నోరు మూసుకున్నాను. ఇంకాసేపు ఉండనీ అనుకున్నాను. నాకు ఆవిడ కావాలి, నిజం చెప్పాలంటే ఆయనకంటే నాకే ఎక్కువ కావాలి.

పక్కన కుర్చీ కిర్రుమంది. పని మధ్యలో ఆపితే ఒప్పుకునే మనిషి కాదు. చివరి అంకె చదివేశాను.

“ఊ,” అన్నారు మా ఆయన. ఆయన ఒక్కరే అన్నారు.

ఫైలు బ్యాంకుకు ఎక్కించాను. పైనుంచి తథాస్తు నొక్కేశాడు. దిండు మీద చెయ్యి పెట్టి చూశాను. గదిలో మామూలు చలే ఉంది. ఫోను ఇంకా నా చెవి దగ్గరే ఉంది, ఆయన పెట్టెయ్యలేదు.

“తర్వాత?” అని అడిగారు.

“ఇంటికొచ్చి చెబుతాను,” అన్నాను.