ఇప్పపువ్వు కుండ

ప్రార్థించినా బిడ్డ దక్కకపోవడం తల్లి అల్పవిశ్వాసం వల్లనే అయితే, ఆ బిడ్డ తల మీద చేయి ఉంచి ప్రార్థించిన పాస్టరు విశ్వాసం ఎంతటిది?

ఈ ప్రశ్న మా సంఘపెద్ద భద్రయ్యను అడిగాను. ఆయన కండువా సర్దుకున్నాడు. పాస్టరు ప్రేమ్‌సాగర్‌నే అడిగాను. ఆయన నా బీపీ గురించి వాకబు చేశాడు.

మా సంఘంలోని మధులత కూతురు భద్రాచలంలో, ఆసుపత్రి మంచం మీద, జ్వరంతో చనిపోయింది. అంతకు ముందురోజే ప్రేమ్‌సాగర్ ఆ మంచం దగ్గర నిలబడి, స్వస్థత కలిగిందని ప్రకటించి వచ్చాడు. ఆదివారం వచ్చేసరికి, ఆ తల్లి ఎదుటనే, "విశ్వాసమున్న ఇంట్ల పిల్లలు అకాలంగ పోరు" అని బోధించాడు. సంఘం ఆమెన్ అన్నది. మధులత తన బైబిలును చాప మీదనే వదిలి వెళ్ళిపోయింది.

పాల్వంచలో షిఫ్టు దిగి వస్తూ ఆమె భర్త బలరాం నా గుమ్మం ముందు ఆగాడు. "టీచరమ్మా, అది అన్నం ముడుతలేదు. దేవుని పేరెత్తితే తలుపేసుకుంటంది. మీరొక్కపారి రాండ్రి."

బూర్గంపాడు దాటాక ఉన్న మా పల్లెలో ఒక ఆచారం ఉన్నది. నా చిన్నతనంలో గోదావరి ఊరిని ముంచిన ఏడాది, నీళ్ళు తీశాక, తినడానికి మిగిలింది అటకల మీది ఎండు ఇప్పపువ్వు మాత్రమే. అప్పటినుంచి కృతజ్ఞతల ఆదివారం నాడు చర్చిలో ఇప్పపువ్వును చింతగింజలతో ఉడికించి అందరికీ తలా ఒక గరిటె వడ్డిస్తాము. వడ్డించే మనిషి ఆ వరదలో తాను పోగొట్టుకున్నదేమిటో చెప్పాలి. తిరిగి ఏం దొరికిందో చెప్పాలన్న నియమం లేదు. మా పెద్దలు తెలిసే ఆ నియమం పెట్టలేదు.

ఈ ఏడాది దానికి బదులు ప్రేమ్‌సాగర్ బిర్యానీ తెప్పించాడు. ఇప్పపువ్వు కుండతో వెళ్ళిన నన్ను చర్చి మెట్ల మీదనే ఆపాడు.

"గదంత పాతకాలం దరిద్రం, టీచరమ్మా. సాక్ష్యమంటే విజయంతోని ముగియాలె. ఏడుపు ఇంటే కొత్తోళ్ళు మళ్ళ రారు."

"ఆ శుక్రవారం సాయంత్రం యేసు సిలువ కింద నిలబడ్డ తల్లికి ఏ విజయం చూపిస్తారు, పాస్టరు గారూ?"

"వాదన వద్దు. కుండ బయట పెట్టుండ్రి."

ఏటా ఆ కుండకు పొయ్యి రాజేసే ముసలామె నాగక్క నా వెనుక నుంచి అందుకున్నది. "మరి నీ బిర్యానీల కోడేం సాక్ష్యం చెప్తదయ్యా? దానికి గూడ విజయం దొరకలే!"

కుండను మధులత ఇంటికి మోసుకుపోయాము. ఆమె తలుపు సగమే తీసింది.

"వాక్యం చెప్పనీకె వచ్చిన్రా?"

"వడ్డించడానికి వచ్చాము."

గడపలోనే కూర్చుని నేను పోగొట్టుకున్నది చెప్పాను. వరద శిబిరంలో నా చిన్న తమ్ముడు విరేచనాలతో పోయాడు. మా అమ్మ పిచ్చమ్మ ప్రార్థించింది, అయినా పోయాడు. చర్చి గోడల బురద ఆరకముందే ఆమె లోపలికి వెళ్ళి, మోకరించకుండా, నిలబడి అరిచింది: "నీకు ఇయ్యాల స్తోత్రం చెప్ప. నా పోరన్ని ఎందుకు తీస్కపోయినవ్? చెప్పేదాక వస్త. నిన్ను గాక ఎవల్ని తిట్టాలె నేను?"

"చెప్పిండా?" అన్నది మధులత.

"లేదు. బతికినన్నాళ్ళూ వెళ్ళి అడుగుతూనే ఉంది."

"మరి బతికినన్ని దినాలు ఎందుకు పోయింది?"

"ఎదుట ఎవరూ లేరనుకున్నవాళ్ళు తిట్టరు, మధులతా. ఆమె తిడుతున్నంతసేపూ అక్కడ ఒకడు వింటూ నిలబడ్డాడని నాకు అనిపించేది. నా విశ్వాసం ఆ తిట్లలో పుట్టింది."

ఆమె చేయి చాపి, నేను వడ్డించిన గరిటెడు తిన్నది.

"వగరుంది."

"ఉంటది బిడ్డా," అన్నది నాగక్క. "గప్పుడు గూడ గిట్లనే ఉండె."

తరువాతి ఆదివారం మధులత ముందు వరుసలో కూర్చున్నది. ప్రసంగం మధ్యలో లేచింది. "నా బిడ్డ తల మీద చెయ్యి పెట్టింది మీరే గద, పాస్టరు గారూ. నా విశ్వాసం తక్కువైతే మీదేమాయె?"

ప్రేమ్‌సాగర్ కీబోర్డు వైపు సైగ చేశాడు. పాట మొదలైంది. ఆమె కూర్చోలేదు. ప్రతి ఆదివారం అదే జరుగుతున్నది. ఇంటికి పొమ్మన్న భద్రయ్యకు ఆమె చెప్పిన మాట ఒకటే: "చెప్పేదాక వస్త."

ఇది చదువుతున్న మీ సంఘంలోనూ అటువంటి తల్లి ఒకరు ఉన్నారు. ఆమెను నిందించిన బోధకు మీరూ ఆమెన్ అన్నారు. ఈ ఆదివారం లేచి ఆమె పక్కన నిలబడండి. పాట ఎంత పెద్దగా మోగినా, జవాబు వచ్చేవరకు కూర్చోకండి.