గదిలో అన్న మాటలే

ఆస్పత్రి లాండ్రీలో తొమ్మిదేళ్లుగా దుప్పట్లు ఉతుకుతున్న ఆమెను తోటివాళ్లు ఆరునెలలుగా "దుబాసమ్మ" అని ఆటపట్టిస్తున్నారు. తెలుగూ ఆ ఊరి భాషా రెండూ వచ్చిన పనివాళ్లకు శిక్షణ ఇచ్చి, రోగికీ డాక్టరుకీ మధ్య మాట అందించే ఉద్యోగం ఇస్తామన్నప్పుడు మొదట పేరిచ్చింది ఆమే. వేడి నీళ్లకు పగిలిన చేతులు ఇక చాలనుకుంది. పరీక్ష ఒకసారి తప్పింది. ఇది రెండోది, ఆఖరిది.

పరీక్షంటే నిజమైన రోగి, నిజమైన డాక్టరు. పక్కన టీచరమ్మ కాగితం పట్టుకుని కూర్చుంటుంది. "గదిలో అన్నది ఒక్క ముక్క వదలకూడదు, అననిది ఒక్క ముక్క కలపకూడదు. ప్రాణం మీదికొస్తే మాత్రం చెయ్యెత్తి, ఇది నా మాట అని చెప్పి చెప్పండి. గది బయట రోగితో కబుర్లు పెట్టుకున్నారో, ఫెయిలే!" అని మొదటిరోజే చెప్పిందావిడ. పోయినసారి దుబాసమ్మ తప్పింది అందుకే. ఏడుస్తున్న ఒక ముసలమ్మను వరండాలో ఊరడించింది.

ఉదయం ఎనిమిదింటికి ఆమె వార్డు బయట టీచరమ్మ కోసం చూస్తోంది. పిత్తాశయంలో రాళ్లు తీయించుకోవడానికి వచ్చిన పెయింటరు, అతని భార్య అక్కడే బెంచీ మీద ఉన్నారు.

"మనవాళ్లేనా తల్లీ? పొద్దున్నుంచీ సైగలు చేసీ చేసీ చేతులు పడిపోయాయి," అన్నాడు పెయింటరు. ఆమె కొంచెం నవ్వి తల తిప్పుకుంది. అతను వదల్లేదు.

"చెల్లెమ్మా, ఒక్కమాట. ఏడింటికి గ్లాసుడు పాలు తాగా. ఉత్త కడుపున బీపీ మాత్ర వేసుకుంటే లోపల నిప్పులు పోసినట్టుంటుంది. ఫర్వాలేదంటావా?"

"పాలేగా, అన్నమా ఏమన్నానా!" అంది భార్య. "ఇప్పటికే రెండుసార్లు వాయిదా వేశారు. ఇదీ పోతే ఈయనకి మళ్లీ సెలవివ్వరు. నువ్వేం అనకమ్మా, నీకు పుణ్యముంటుంది."

"డాక్టరుతో చెప్పండన్నయ్యా, నాతో కాదు," అందామె. లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. టీచరమ్మను చూసి గబుక్కున నాలుగడుగులు అవతలికి జరిగింది.

గదిలో మత్తు డాక్టరు అడిగినదాన్ని దుబాసమ్మ పొల్లుపోకుండా అడిగింది.

"రాత్రి పన్నెండు తర్వాత ఏమైనా తిన్నారా, తాగారా?"

పెయింటరు భార్య మొహంలోకి చూశాడు.

"మాత్రకి గుక్కెడు నీళ్లు. అంతేనండి."

చెయ్యెత్తొచ్చు. ఎత్తితే, నీకెలా తెలుసని అడుగుతారు. టీచరమ్మ పెన్సిలు కాగితం మీద ఆగి ఉంది. ఆయన నోటితో ఆయనే అన్నాడు, మధ్యలో నాదేముంది అని దుబాసమ్మ మనసుకు సర్దిచెప్పుకుంది. గుక్కెడు నీళ్లన్న మాటనే డాక్టరుకు అందించింది.

"ఎక్కడా తడబడలేదు. సోమవారం నుంచి లాండ్రీకి వెళ్లక్కర్లేదు," అని సంతకం పెట్టి టీచరమ్మ వెళ్లిపోయింది. పెయింటరు స్ట్రెచరు ఇంకా వరండాలోనే ఉంది. ఇరవై అడుగులుంటుందేమో. దుబాసమ్మ అటు చూడకుండా భర్తకు ఫోన్ చేసింది. "ఇక ఇంట్లో మాట్లాడ్డానికి కూడా జీతమడుగుతావా ఏంటి?" అని ఆయన నవ్వాడు. తనూ నవ్వింది. ఫోన్ పెట్టేసరికి స్ట్రెచరు లోపలికి వెళ్లిపోయింది.

పదకొండింటికి ఆమెను పిలిపించారు. మత్తు డాక్టరు థియేటరు బట్టల్లోనే బెంచీ ముందు నిలబడి ఉన్నాడు. అతని మాటలు ఒక్కొక్కటే తెలుగులో చెప్పింది.

"మత్తులో వాంతి అయింది. అది ఊపిరితిత్తుల్లోకి పోయింది. మెషీన్ మీద పెట్టాం. ఏం తాగాడో నాకు నిజం కావాలి."

పెయింటరు భార్య రెండు చేతులతో తల పట్టుకుంది. "పాలండీ. గ్లాసుడు. నేనే కాచిచ్చా. ఈవిడకి చెప్పాంగా, ఇక్కడే, ఈ బెంచీ మీదే! ఈవిడ మీతో అనలేదా?"

ఆ వరండాలో రెండు భాషలూ తెలిసింది ఒక్క దుబాసమ్మకే. పాలు అని చెప్పి ఊరుకుంటే డాక్టరుకు కావలసింది అందుతుంది. మిగతాది ఎవరికీ అందదు.

ఆమె అంతా చెప్పింది. "ఈవిడ" దగ్గర తన గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

డాక్టరు ఆమె వైపు ఒకసారి చూసి, మళ్లీ పెయింటరు భార్య వైపు తిరిగాడు.

"ఏమంటాడమ్మా? బతుకుతాడా?" అని పెయింటరు భార్య ఆమె కొంగు పట్టుకుంది.

దుబాసమ్మ ఆ ప్రశ్నను డాక్టరుకు అందించింది. జవాబు ఒక్క ముక్కే వచ్చింది. దాన్ని మెత్తగా మార్చడానికి రెండు భాషల్లోనూ ఆమెకు బోలెడన్ని మాటలు వచ్చు. "ఆశ పెట్టుకోవద్దు," అని అన్నది అన్నట్టే చెప్పింది.