పొత్రాన్ని జోకొట్టిన ఉయ్యాల

నేను ఒక ఉయ్యాలని. పనస చెక్కతో చేసినదాన్ని. ఖాళీగా ఉన్నప్పుడు నన్ను ఊపకూడదని పెద్దవాళ్లు చెబుతారు. ఆ ఆదివారం పొద్దున శేషు నన్ను అటక మీంచి దించి, కొక్కేనికి తగిలించి, ఊపనే ఊపాడు. అప్పటికే అరగంటగా నడుస్తున్న తగువు దాంతో మరీ ముదిరింది.

"ఏటి సేస్తన్నావురా? ఖాళీ ఉయ్యాల ఊపుతావా!" అంటూ శేషు తల్లి నూకరత్నం చేతిలో అట్లకాడతోనే వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"కిర్రుమంటుందో లేదో వీడియో పెట్టమన్నారమ్మా, కొనేవాళ్లు. ఊపకుండా ఎలా తెలుస్తుంది?"

"అసలు ఉయ్యాల అమ్ముతారేటి ఎవరైనా? అడిగినోళ్లకి ఇస్తారు. పనైపోయాక మళ్లీ తెచ్చుకుంటారు."

"మిక్సీ అమ్మాం. డ్రెస్సింగ్ టేబుల్ అమ్మాం. నీ మంచం ఫోటో పెడితే సరేనన్నావు. దీనికేం వచ్చింది?"

"మంచం నాది గనక సరేనన్నాను. ఇది మనొక్కరిదేటి?"

ఆ మాట నిజమే. శేషు పుట్టబోయే ముందు అతని తాత అనకాపల్లి వడ్రంగి సోమలింగం చేత నన్ను చేయించాడు. నాకు రెండు వైపులా చిలకలు చెక్కి, తలాపున తామరపువ్వు పెట్టాడాయన. ఎడమవైపు చిలక ముక్కు మాత్రం సోమలింగం పనితనం కాదు, శేషు పాలపళ్ల పని. తర్వాత నేను ఆ ఇంట్లో ఉన్నదెంత? చోడవరం వెళ్లాను, నర్సీపట్నం వెళ్లాను, బస్సు టాపు మీద, మంచాల కోళ్ల మధ్య. తిరిగొచ్చినప్పుడల్లా కాళ్లకు పసుపు, ఒళ్లో శేరు బియ్యం. ఖాళీగా పంపకూడదట. అలా ఇరవై ఒక్కమందిని మోశాను. మనుషుల సంగతి నాకు చిత్రంగా ఉంటుంది. బిడ్డ ఏడ్చినన్నాళ్లూ నేను లేందే ఇల్లు గడవదు. నవ్వి, పాకి, గడప దాటితే చాలు, నన్ను అటకెక్కిస్తారు.

చివరిసారి నన్ను అటకెక్కించింది ఎనిమిదేళ్ల కిందట, శేషు కూతురు జాహ్నవి నడక నేర్చిన నెలలో. ఆ తర్వాత శేషు అప్పు చేసి, కాలేజీ ఎదురుగా జిరాక్స్ సెంటర్ పెట్టాడు. కాలేజీ ఊరి బయటికి మారిపోయింది. మిషన్లు మిగిలాయి. చివరికి బ్యాంకువాళ్లతో కూర్చుని, ఐదేళ్లలో నెలనెలా ఇంతని తీర్చేలా ఒప్పందం రాసుకుని వచ్చాడు. ఆ కాగితం బీరువా తలుపుకి అంటించి, ఇది తీరేదాకా ఇంట్లో కొత్త ఖర్చేదీ వద్దన్నాడు. మంచి మాటే. అవసరం లేనివన్నీ ఫోన్లో అమ్మకానికి పెట్టాడు. అదీ మంచి పనే.

ఒకనాడు బట్టలు మడతపెడుతూ అతని భార్య వనజ, "మరి రెండోబిడ్డ సంగతి?" అంది.

"ఒప్పందం గడువు తీరాక చూద్దాంలే."

"అప్పటికి నాకు నలభై ఒకటి."

అతను బీరువా తలుపు మీది కాగితం వైపు చూశాడు. అటక మీద ఉండేవాళ్లకి ఇంట్లో చెప్పని జవాబులు కూడా వినిపిస్తాయి. ఆ రోజు నుంచి ఆమె అటక కింద నుంచి వెళ్లినప్పుడల్లా ఒకసారి తలెత్తి చూసేది. నేనూ చూసేదాన్ని. ఇద్దరి ఒళ్లూ ఖాళీయే.

ఇప్పుడు తల్లీకొడుకులిద్దరూ నా గురించి వాదించుకుంటుంటే, వనజ పెరట్లోకి వెళ్లి రుబ్బురోలు పొత్రం తెచ్చింది. బిడ్డను మొదటిసారి పడుకోబెట్టే ముందు, రాయిలా గట్టిగా ఉండాలని నాలో ముందు దాన్నే పడుకోబెడతారు. వనజ దాన్ని కడిగి, తుడిచి, పాత తువ్వాలులో చుట్టింది. తలవైపు అంచు కాస్త పైకి లాగి మడిచింది, చెవులకి గాలి తగలకుండా. రాయికి చెవులుండవని ఆమెకి తెలియదా!

"ఇప్పుడు ఊపండి" అంది.

శేషు ఊపాడు. నేను కిర్రుమనలేదు. ఎనిమిదేళ్ల తర్వాత ఒళ్లో బరువు పడితే ఎలా కిర్రుమంటాను? వీడియో అయిపోయాక కూడా ఆమె చెయ్యి నా అంచు మీదే ఉండిపోయింది. పెదవులు కదిలాయి గానీ పాట బయటికి రాలేదు.

మధ్యాహ్నానికల్లా ఫోన్ నిండా ప్రశ్నలు. ఫైనల్ రేటెంత అని ఒకరు. రాయి కూడా ఇస్తారా అని ఇంకొకరు. పాప ఎవరండీ, ఇంత బుద్ధిగా పడుకుంది అని మరొకావిడ. జాహ్నవి అవి పైకి చదువుతుంటే నూకరత్నం కూడా నవ్వేసింది.

సాయంత్రం ఆటో నడిపే పెద్దాయన వచ్చాడు. కూతురికి నెలలు నిండాయట. నా చిలకల మీద చేత్తో రాసి, పళ్లగాటు దగ్గర ఆగి, "ఇది ఎవులి పన్నోగానీ, మంచి ఇంటి ఉయ్యాలే" అన్నాడు. డబ్బు శేషు చేతిలో పెట్టి, ఊరికే అడిగినట్టు అడిగాడు, "ఇంక మీకు దీంతో పని లేదామ్మా?"

నూకరత్నం కొడుకు వైపు చూసింది. కొడుకు ఫోన్ వైపు చూశాడు.

వనజ నా గొలుసుల్ని స్లాబు కొక్కెం నుంచి ఒక్కొక్కటే విప్పింది. పొత్రాన్ని తువ్వాలుతో సహా తీసి అత్తగారి చేతుల్లో పెట్టింది. నా ఒళ్లో గుప్పెడు బియ్యం పోసింది. "అమ్మాయికి సుఖంగా కాన్పవ్వాలి, బాబాయ్. తీసుకెళ్లండి" అంది.

తర్వాత ఇంట్లో ముగ్గురి వైపూ తిరిగి, చీరకొంగుతో చేతులు తుడుచుకుంటూ, గొంతు పెంచకుండా చెప్పింది.

"ఉయ్యాల వెళ్లనివ్వండి. బిడ్డ కోసం మాత్రం నేను ఐదేళ్లు ఆగను. పొత్రం దాచండత్తయ్యా. కొక్కెం ఎలాగూ ఇక్కడే ఉంటుంది. నా నూలుచీర కట్టి ఊపుకుంటాను."